నత్త నాడీమండలంలోని ప్రత్యుత్పత్తి పెప్టైడ్లు: జలదంకి చెరువుల నేపథ్యంలో ఒక పరిశీలన

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో సేద్యం చెరువు నీటితోను, జీవాల పెంపకంతోను పెనవేసుకొని ఉంది. ఉదయగిరి నియోజకవర్గంలోని జలదంకి మండలం ఇందుకు చక్కని ఉదాహరణ. ఈ జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య ఋతుపవనాల వల్లనే ఎక్కువ వర్షం లభిస్తుంది. వేసవిలో అడుగంటిన చెరువులకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కొత్తనీరు చేరుతుంది, కయ్యలలో నాట్లు పడతాయి. సంక్రాంతి దాటిన తరువాత చెరువు నీరు వెనక్కి తగ్గే కొద్దీ ఒడ్డున పచ్చిక మొలుస్తుంది, గొర్రెల మందలు అక్కడికి దిగుతాయి. ఆ పచ్చికతో పాటే కార్జపు జలగ కూడా గొర్రె కడుపులోకి చేరుతుంది. దవడ క్రింద నీరు దిగి, రక్తం పలచబడి, చివరకు చనిపోయే జీవాన్ని చూచిన కాపరికి రోగం పేరు తెలిసి ఉండవచ్చు. ఆ రోగం చెరువులోని చిన్న నత్త శరీరంలో కొన్ని వారాలపాటు పెరిగి వచ్చిందన్న విషయం చాలామందికి తెలియదు.

నత్త లేనిదే జలగ లేదు. మన దేశంలో గొర్రెలకు, పశువులకు కార్జపు జలగ వ్యాధిని కలిగించే ఫాసియోలా జైగాంటికా అనే పరాన్నజీవి లిమ్నియా ప్రజాతి నత్తలలో పెరుగుతుంది. పొట్ట జలగలలో పలు జాతులకు, పశువుల ముక్కులో గడ్డలు కలిగించే రక్తపు జలగకు ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్ అనే బల్లపరుపు నత్త ఆశ్రయమిస్తుంది. గురక వ్యాధిగా పేరుపడిన ఆ ముక్కు రోగానికి కారణమైన షిస్టోసోమా నాసేల్‌ను 1933లో వర్ణించినది మద్రాసు పశువైద్య కళాశాలకు చెందిన ఎం. అనంతనారాయణరావు గారు. ఆనాటికి నెల్లూరు మద్రాసు రాజధానిలోని జిల్లాయే. కనుక నత్తలు ఎప్పుడు, ఎందుకు, ఎన్ని గుడ్లు పెడతాయన్న ప్రశ్న కేవలం జంతుశాస్త్ర విద్యార్థికి మాత్రమే పరిమితమైనది కాదు. ఆ ప్రశ్నకు జవాబు నత్త మెదడులో ఉంది. ఆ జవాబును వెదకడంలో శాస్త్రజ్ఞులు ఎక్కడ సఫలులయ్యారో, ఒక పేరు వలన ఎక్కడ ప్రక్కదారి పట్టారో చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం.

నాడీకణమే గ్రంథి

వెన్నెముక గల జంతువులలో ప్రత్యుత్పత్తిని నడిపే ఏర్పాటు మూడంచెలుగా ఉంటుంది. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి బీజకోశాలను ప్రేరేపిస్తుంది. బీజకోశాలు స్టెరాయిడ్ హార్మోన్లను విడుదల చేస్తాయి. నత్తలో పీయూష గ్రంథి లేదు. అన్నవాహిక చుట్టూ వలయంగా అమరిన నాడీసంధులే దాని మెదడు. వాటిలోని కొన్ని నాడీకణాలు తమ పెప్టైడ్లను నేరుగా రక్తంలోకి విడుదల చేస్తాయి. అంటే ఒకే కణం నాడీకణంగాను, అంతస్స్రావ గ్రంథిగాను పనిచేస్తుంది. ఇటువంటి పెప్టైడ్లనే నాడీపెప్టైడ్లు అంటాము.

ప్రయోగశాలలకు నత్త ప్రీతిపాత్రం కావడానికి కారణం దాని నాడీకణాల పరిమాణం. ఐరోపా చెరువులలో నివసించే లిమ్నియా స్టాగ్నాలిస్ నాడీమండలంలో సుమారు 20,000 నాడీకణాలు మాత్రమే ఉంటాయి. వాటిలో చాలావాటిని సాధారణ విచ్ఛేదన సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటిగా గుర్తించవచ్చు. ఒక నత్తలో గుర్తించిన కణాన్ని మరొక నత్తలో అదే చోట మళ్ళీ చూడవచ్చు. క్షీరదాల మెదడుపై పనిచేసేవారికి ఈ సౌలభ్యం లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్వేచ్ఛా విశ్వవిద్యాలయ పరిశోధకులు దశాబ్దాల తరబడి ఈ ఒక్క నత్తపైనే పనిచేసి, నేడు మనకు తెలిసిన విషయాలలో పెద్ద భాగాన్ని అందించారు.

గుడ్లు పెట్టించే పెప్టైడ్

ఈ కథ మొదట సముద్రపు కుందేలుతో ప్రారంభమైంది. అప్లీసియా కాలిఫోర్నికా అనే ఈ సముద్ర మొలస్కా ఉదర నాడీసంధికి ఇరుప్రక్కల రెండు కణపుంజాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో సుమారు 400 నాడీకణాలు. వీటిని సంచి కణాలంటారు. 1967లో ఇర్వింగ్ కుప్ఫర్మన్ ఈ కణాల సారాన్ని మరొక అప్లీసియాలోకి ఎక్కించి, అది గుడ్లు పెట్టడాన్ని గమనించారు. 1979 నాటికి ఆ సారంలోని క్రియాశీల పదార్థం 36 అమైనో ఆమ్లాలు గల పెప్టైడ్ అని తేలింది. దానికి అండోత్సర్గ హార్మోన్ అన్న అర్థంలో ఇ.ఎల్.హెచ్. అని పేరు. 1983లో షెల్లర్, ఆక్సెల్ తదితరులు దాని జన్యువును వేరుచేసి చూడగా, 271 అమైనో ఆమ్లాల పెద్ద పూర్వగామి ప్రోటీన్ ఒకటి ముక్కలై ఇ.ఎల్.హెచ్.తో పాటు మరికొన్ని పెప్టైడ్లను ఇస్తున్నట్లు కనబడింది.

ఇందులో విద్యార్థులు గమనించవలసిన విశేషం ఉంది. గుడ్లు పెట్టడమంటే కేవలం గుడ్డు బయటకు రావడం కాదు. జంతువు నడక ఆపాలి, మేత మానాలి, తలను ఇటూ అటూ ఊపుతూ గుడ్ల తాడును రాతికి అంటించాలి. ఒకే జన్యువు నుండి పుట్టిన పలు పెప్టైడ్లు ఒకేసారి విడుదలై, కొన్ని బీజగ్రంథిపైన, కొన్ని ఇతర నాడీకణాలపైన పనిచేసి ఈ మొత్తం ప్రవర్తనను నడుపుతాయి. సంచి కణాలు ఒకసారి ఉత్తేజితమైతే సుమారు అరగంటపాటు ఆగకుండా విద్యుత్ ప్రేరణలు పంపుతాయి. ఆ తరువాత చాలా గంటలు మౌనం వహిస్తాయి.

మంచినీటి లిమ్నియాలో ఇదే పనిని కాడోడార్సల్ కణాలు చేస్తాయి. మస్తిష్క నాడీసంధులలో రెండు గుంపులుగా సుమారు నూరు కణాలు ఉంటాయి. రెండు నాడీసంధులను కలిపే అడ్డుపట్టీ పొడవునా వీటి కొసలు పరచుకొని, అక్కడినుండి పెప్టైడ్లు రక్తంలో కలుస్తాయి. 1985లో ఆమ్‌స్టర్‌డామ్ బృందం ఈ కణాల ముఖ్య హార్మోన్ అమైనో ఆమ్ల క్రమాన్ని వెల్లడించింది. ఇది కూడా 36 అమైనో ఆమ్లాల పెప్టైడే, అప్లీసియా హార్మోన్‌తో దీనికి స్పష్టమైన పోలిక ఉంది. ఒకటి సముద్రంలో, మరొకటి చెరువులో నివసించినా గుడ్లు పెట్టించే మాట మాత్రం ఉభయులకూ ఒక్కటే. ఈ హార్మోన్‌ను కృత్రిమంగా తయారుచేసి ఎక్కించినా లిమ్నియాలో అండం విడుదలవుతుంది. ఆ తరువాత సుమారు రెండు గంటలలో జిగురు ముద్దగా గుడ్లు బయటకు వస్తాయి. అదే పూర్వగామి ప్రోటీన్ నుండి వచ్చే కాల్‌ఫ్లక్సిన్ అనే 14 అమైనో ఆమ్లాల పెప్టైడ్, గుడ్డుకు పోషకద్రవాన్ని ఇచ్చే ఆల్బ్యుమిన్ గ్రంథి కణాలలోకి కాల్షియం చేరేటట్లు చేస్తుంది. అండం, దానికి కావలసిన ఆహారం ఒకే ఆజ్ఞతో సిద్ధమవుతాయన్న మాట.

గుడ్డు తయారీకి ముందు దశ, అనగా అండంలో సొన చేరడం, స్త్రీ జననాంగాలు పెరగడం, మరొక అవయవం అధీనంలో ఉంటుంది. మస్తిష్క నాడీసంధులపై అంటుకొని ఉండే పృష్ఠ దేహాలు ఆ పనిచేస్తాయి. ఇవి నాడీకణాలు కావు. మెదడుపైన కూర్చున్న అంతస్స్రావ గ్రంథులు మాత్రమే. నూతన పరిశోధకులు ఈ రెండింటినీ కలగాపులగం చేయడం తరచుగా కనిపిస్తుంది. అండం పెరగడం వేరు, అండం విడుదల కావడం వేరు.

పురుష పక్షం గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లిమ్నియా ఉభయలైంగిక జీవి. కుడి మస్తిష్క నాడీసంధి ముందరి లంబికలోని కణాలు ఎ.పి.జి.డబ్ల్యు.-అమైడ్ అనే నాలుగు అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్‌ను, కోనోప్రెసిన్‌ను తయారుచేసి శిశ్నానికి, శుక్రవాహికకు పంపుతాయి. కోనోప్రెసిన్ శుక్రవాహికను సంకోచింపజేస్తే, మొదటిది ఆ సంకోచాన్ని అణచుతుంది. కోనోప్రెసిన్ మన శరీరంలోని వాసోప్రెసిన్, ఆక్సిటోసిన్ కుటుంబానికి చెందినది. ఆవు చేపు విడవడానికి, కాన్పు నొప్పులకు కారణమైన హార్మోన్‌కు నత్తలో దాయాది ఉన్నదంటే ఈ పెప్టైడ్ల ప్రాచీనత ఎంతటిదో ఊహించవచ్చు.

పేరు వలన వచ్చిన చిక్కు

పశువైద్యులకు, మత్స్యశాఖ వారికి బాగా పరిచయమైన హార్మోన్ ఒకటుంది. గొనాడోట్రోపిన్‌ను విడుదల చేయించే హార్మోన్, పొట్టిగా జి.ఎన్.ఆర్.హెచ్. పది అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్ నిర్మాణం 1971లో తెలిసింది. మెదడు పెప్టైడ్లపై కృషికి షాలీ, గియెమాలకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. నేడు గేదెలలో ఎదను క్రమబద్ధం చేయడానికి వాడే బుసెరెలిన్ దీని అనురూపమే. కార్ప్ చేపల హేచరీలలో తల్లిచేపకు వేసే ఓవాప్రిమ్‌లో ఉండేది సాల్మన్ చేప జి.ఎన్.ఆర్.హెచ్. అనురూపం. సూది వేసిన కొద్ది గంటలలోనే చేప గుడ్లు విడవడం హేచరీ చూచినవారందరికీ తెలిసినదే.

కనుక నత్త మెదడులో ఇదే పెప్టైడ్ వంటిది ఉన్నదని తెలిసినప్పుడు, అదే నత్త ప్రత్యుత్పత్తికి తాళపుచెవి అని భావించడం సహజం. 1990 దశకంలో హెలిసోమా, లిమ్నియా నాడీమండలాలలో క్షీరదాల, చేపల జి.ఎన్.ఆర్.హెచ్.కు తయారైన ప్రతిదేహాలు కొన్ని కణాలకు అంటుకోవడం నమోదయింది. 2002లో ఆక్టోపస్ మెదడు నుండి 12 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను వేరుచేశారు. 2008లో అప్లీసియాలో 11 అమైనో ఆమ్లాల పెప్టైడ్ జన్యువు దొరికింది. పేరు కూడా సిద్ధంగానే ఉంది: అప్లీసియా జి.ఎన్.ఆర్.హెచ్.

అసలు పరీక్ష 2010లో జరిగింది. కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన పేసాన్ సాయ్, సహచరులు ఈ పెప్టైడ్‌ను అప్లీసియాలోకి ఎక్కించి చూశారు. గుడ్లు పెట్టడం జరగలేదు. బీజగ్రంథిలో ఆశించిన మార్పు కనబడలేదు. మారినవి ఇతర ప్రవర్తనలు: మేత తగ్గింది, ప్రక్క రెక్కలు తెరచుకున్నాయి, అంటుకున్న చోటు నుండి జంతువు ఊడి వచ్చింది. ఏ పేరుతో ఆ పెప్టైడ్‌ను పిలిచారో ఆ పనిని అది చేయలేదు.

దీనికి వివరణ పరిణామ క్రమంలో ఉంది. కీటకాలలో కొవ్వును కరిగించే ఎ.కె.హెచ్., కొరాజోనిన్ అనే పెప్టైడ్లు, వెన్నెముక జీవుల జి.ఎన్.ఆర్.హెచ్. ఒకే పూర్వీక కుటుంబం నుండి విడివడినవి. గ్రాహకాల జన్యువులను పోల్చినప్పుడు ఈ బంధుత్వం బయటపడింది. మొలస్కాలలో జి.ఎన్.ఆర్.హెచ్. అని పిలుస్తూ వచ్చిన వాటిని కొరాజోనిన్ శాఖలో చేర్చాలని ఇటీవలి సంవత్సరాలలో పలువురు వాదిస్తున్నారు. పెప్టైడ్ల మధ్య పోలిక ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే ఈస్ట్‌ను చూడవచ్చు. దాని సంగమ కారకమైన ఆల్ఫా ఫాక్టర్ ఎలుక పీయూష గ్రంథిలోని జి.ఎన్.ఆర్.హెచ్. గ్రాహకానికి అంటుకొంటుందని 1982లో చూపారు. అంతమాత్రాన ఈస్ట్‌కు పీయూష గ్రంథి ఉన్నదని ఎవరూ అనరు కదా!

అయితే మొలస్కాలలో ఈ కుటుంబానికి ప్రత్యుత్పత్తితో సంబంధమే లేదని కూడా అనరాదు. ఆక్టోపస్‌లో ఈ పెప్టైడ్ అండవాహిక సంకోచాన్ని, బీజకోశాలలో స్టెరాయిడ్ల తయారీని ప్రభావితం చేస్తుందని కనుగొన్నారు. ఒకే వర్గంలోని రెండు జీవులలో ఒకే పెప్టైడ్ రెండు పనులు చేయవచ్చు. ఏ జీవిలో ఏ పని అన్నది ఆ జీవినే అడగాలి.

స్టెరాయిడ్ల విషయంలోనూ ఇదే పాఠం ఎదురైంది. నత్త కణజాలంలో ఈస్ట్రోజన్ దొరికిందని, కనుక అది నత్తకు లైంగిక హార్మోన్ అని చెప్పే వ్యాసాలు ఎన్నో వచ్చాయి. 2003లో థార్న్‌టన్ బృందం అప్లీసియా ఈస్ట్రోజన్ గ్రాహకాన్ని పరీక్షించగా, అది ఈస్ట్రోజన్ ఉన్నా లేకపోయినా నిరంతరం పనిచేస్తూనే ఉంది. నీటిలో ఉన్న స్టెరాయిడ్లను మొలస్కాలు సులభంగా పీల్చి నిల్వచేసుకొంటాయి కూడా. పశువులు దిగే చెరువు నుండి పట్టిన నత్తలో ఈస్ట్రోజన్ దొరికితే, అది నత్తదా, గేదెదా అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలి.

ప్రతిదేహాలతో రంగు పడిన కణాన్ని చూపి ఇది ప్రత్యుత్పత్తి కణమని వ్రాసే సిద్ధాంతగ్రంథాలు నేటికీ వస్తున్నాయి. ఈ వ్యాసకర్త దృష్టిలో అవి సగం పని మాత్రమే. రంగు పడటం ప్రశ్నకు ప్రారంభం. ఆ కణాన్ని ఉత్తేజపరిస్తే గుడ్లు వస్తాయా, తొలగిస్తే ఆగుతాయా, శుద్ధ పెప్టైడ్‌ను ఎక్కిస్తే తిరిగి వస్తాయా అన్న మూడింటికీ జవాబు దొరికినప్పుడే ఆ పేరు నిలుస్తుంది. కాడోడార్సల్ హార్మోన్ నిలిచినది ఇటువంటి పరీక్షలకు ఓర్చినందువల్లనే.

కొత్తనీటి సంకేతం

చెరువులో నత్తకు కాడోడార్సల్ కణాలను మేల్కొలిపేది ఏది? లిమ్నియా స్టాగ్నాలిస్‌లో మూడు సంకేతాలు స్పష్టంగా తెలుసు: మేత సమృద్ధి, పగటి నిడివి, నీటి శుభ్రత. ఇందులో మూడవది మనకు అత్యంత ఆసక్తికరం. కొన్ని రోజులు మురికి నీటిలో ఉంచిన నత్తలను ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్న శుభ్రమైన నీటిలోకి మార్చితే, కాడోడార్సల్ కణాలు ఉత్తేజితమై గుడ్లు వస్తాయని టెర్ మాట్, సహచరులు 1983లో చూపారు. ప్రయోగశాలలలో గుడ్లు కావలసినప్పుడు నేటికీ ఈ పద్ధతినే వాడుతున్నారు.

పగటి నిడివి సంగతి చూద్దాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు లోపు, జూన్ పగలు పదహారు గంటలకు పైగా ఉంటుంది. అక్కడి నత్తకు పగటి నిడివి నమ్మదగిన పంచాంగం. సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశాన ఉన్న జలదంకిలో ఈ తేడా రెండు గంటలకు మించదు. పైగా ఇక్కడ నీరు వచ్చేది పగలు కురుచవుతున్న కాలంలో. పగటి నిడివినే నమ్ముకొన్న నత్త ఎండిన చెరువులో గుడ్లు పెట్టవలసి వస్తుంది. కనుక మన మెట్ట చెరువులలో కొత్తనీటి రాకయే ప్రధాన సంకేతమై ఉండాలన్నది తర్కానికి నిలిచే ఊహ. ఇది ఊహయే. ఐరోపా నత్తపై తేలిన విషయాన్ని మన లిమ్నియా లుటియోలాకు నేరుగా అంటగట్టితే, పైన జి.ఎన్.ఆర్.హెచ్. విషయంలో చెప్పిన పొరపాటునే మళ్ళీ చేసినట్లవుతుంది.

అదృష్టవశాత్తు దీనిని పరీక్షించడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒకే చెరువు నుండి ఒకే పరిమాణం గల నత్తలను పట్టి, వారంపాటు విడి గాజు పాత్రలలో అదే చెరువు నీటిలో, ఒకే మేతతో ఉంచాలి. తరువాత ఒక సగాన్ని గాలి ఊదిన శుభ్రమైన నీటిలోకి, రెండవ సగాన్ని అంతే జాగ్రత్తగా ఎత్తి మళ్ళీ పాత నీటిలోకి మార్చాలి. ఇరవైనాలుగు గంటలలో వచ్చిన గుడ్ల ముద్దలను, ఒక్కొక్క ముద్దలోని గుడ్లను లెక్కించాలి. రెండవ గుంపును ఎత్తి దింపడం అనవసరమైన శ్రమగా విద్యార్థికి తోచవచ్చు. అది లేకపోతే వచ్చిన గుడ్లు నీటి వల్లనా, కదిలించినందువల్లనా తేలదు.

నాడీసంధుల సారాన్ని ఎక్కించే ప్రయోగంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. సాధారణంగా సూది వేయడానికి నత్తను శుభ్రమైన నీటి పళ్ళెంలోకి మార్చుతారు. సూది తరువాత గుడ్లు వస్తే ఘనత సారానికి దక్కుతుంది, నిజానికి గుడ్లు పెట్టించినది పళ్ళెంలోని నీరు కావచ్చు. కనుక సూదికి ముందూ వెనుకా నీరు మారకూడదు. పాద కండర సారం ఎక్కించిన గుంపు, కేవలం లవణద్రావణం ఎక్కించిన గుంపు తప్పనిసరిగా ఉండాలి. నాడీసంధులను బయటకు తీసిన వెంటనే కొద్ది నిమిషాలు మరిగించకపోతే, కణజాలంలోని ఎంజైములు పెప్టైడ్లను ముక్కలు చేస్తాయి. ఆ తరువాత ఫలితం రాకపోతే పెప్టైడ్ లేదని కాదు, మిగలలేదని అర్థం.

గుడ్లు తగ్గితే ముప్పు తగ్గినట్లేనా?

విస్తరణ శాస్త్రవేత్తలకు అన్నింటికంటే ఉపయోగపడే విషయం పరాన్నజీవికి, నత్త హార్మోన్లకు గల సంబంధమని నా అభిప్రాయం. జలగ జాతి పరాన్నజీవులు ప్రవేశించిన నత్త చాలా సందర్భాలలో గుడ్లు పెట్టడం మానివేస్తుంది, కాని చనిపోదు. తింటుంది, తిరుగుతుంది, ఒక్కొక్కసారి ఆరోగ్యవంతమైన నత్త కంటే పెద్దదిగా పెరుగుతుంది. గుడ్లకు ఖర్చు కావలసిన ఆహారం పరాన్నజీవి సెర్కేరియాల తయారీకి మళ్ళుతుంది. నత్త కోణంలో ఇది వంధ్యత్వం, పరాన్నజీవి కోణంలో పొదుపు.

ఇది హార్మోన్ల ద్వారా ఎలా జరుగుతుందో లిమ్నియా స్టాగ్నాలిస్‌లో, పక్షుల రక్తపు జలగ ట్రైకోబిల్హార్జియా ప్రవేశించినప్పుడు పరిశీలించారు. నత్త శరీరంలో షిస్టోసోమిన్ అనే పెప్టైడ్ పెరిగి, కాడోడార్సల్ హార్మోన్‌ను, కాల్‌ఫ్లక్సిన్‌ను తమ లక్ష్యకణాలపై పనిచేయనీయకుండా అడ్డుపడుతుందని డి యాంగ్-బ్రింక్ బృందం వివరించింది. ఇందులోని చమత్కారం ఏమంటే, షిస్టోసోమిన్ పరాన్నజీవి పదార్థం కాదు, నత్త సొంత పదార్థమే. ఇంటి తాళం ఇంటివారి చేతనే వేయించినట్లు ఉంది. అయితే 2009లో బయోంఫలేరియా గ్లాబ్రాటా అనే మరొక నత్తలో చూడగా, పరాన్నజీవి ప్రవేశంతో షిస్టోసోమిన్ ఆశించినట్లు పెరగలేదు. ఒక నత్త జవాబు మరొక నత్తకు పనికిరాలేదు. ఫలితం మాత్రం, అనగా గుడ్లు తగ్గడం, అక్కడా ఉంది.

దీని ఆచరణాత్మక అర్థం ఏమిటి? చెరువు ఒడ్డున కలుపు ఆకుల అడుగున గుడ్ల ముద్దలు తగ్గినంత మాత్రాన జలగ ముప్పు తగ్గిందని నివేదిక వ్రాయరాదు. గుడ్లు తగ్గడానికి నత్తలు తగ్గడం ఒక కారణం కావచ్చు, ఉన్న నత్తలు రోగగ్రస్తం కావడం మరొక కారణం కావచ్చు. రెండవ సందర్భంలో ముప్పు హెచ్చుగా ఉంటుంది. తేడా తెలుసుకొనే మార్గం సులభమే. పట్టిన నత్తలను ఒక్కొక్కటిగా చిన్న గాజు గొట్టాలలో మంచినీటిలో ఉంచి, వెలుతురులో కొన్ని గంటలు వదలి, తోక గల సెర్కేరియాలు ఈదుతున్నాయేమో భూతద్దంతో లేదా సూక్ష్మదర్శినితో చూడాలి. ఒక చెరువుకు ఏభై నత్తలైనా చూడనిదే అభిప్రాయానికి రాకూడదు. లేత రోగం ఉన్న నత్త సెర్కేరియాలను విడువదు కనుక మూడు నాలుగు వారాల తరువాత మళ్ళీ చూడాలి. చేతికి తొడుగు తప్పనిసరి. కొన్ని రక్తపు జలగల సెర్కేరియాలు మనిషి చర్మంలో దూరి చావగా దురద, దద్దుర్లు వస్తాయి. నాట్లకు దిగిన కూలీలు కాళ్ళ దురద అని చెప్పినప్పుడు ఈ సంగతి కూడా గుర్తు చేసుకోవాలి.

జలదంకి వంటి మండలానికి కాలపట్టిక ఈ విధంగా ఊహించవచ్చు. అక్టోబరు, నవంబరులలో చెరువుకు నీరు చేరుతుంది. మిగిలిన కొద్దిపాటి నత్తలు గుడ్లు పెడతాయి. వెచ్చని నీటిలో వారం పది రోజులలో పిల్లలు బయటపడి కొద్ది వారాలలోనే ఎదుగుతాయి. పేడతో చెరువులో చేరిన జలగ గుడ్ల నుండి మిరాసీడియాలు వెలువడి ఈ నత్తలలో ప్రవేశిస్తాయి. నత్తలో పరాన్నజీవి ఎదగడానికి సుమారు ఐదు నుండి ఏడు వారాలు పడుతుంది. అంటే నీరు తగ్గి ఒడ్డు పచ్చిక బయటపడే వేళకు ఆ గడ్డిపై ముప్పు సిద్ధంగా ఉంటుంది. కనుక నత్తపై దెబ్బ తీయవలసిన అదను కొత్తనీరు వచ్చిన తొలి వారాలే. ఫిబ్రవరిలో లక్షలాది నత్తలపై మందు చల్లడం ఖర్చు తప్ప మరేమీ కాదు.

ఏ మందు అన్నది తరువాతి ప్రశ్న. మైలుతుత్తం, నిక్లోసమైడ్ నత్తను చంపగలవు, కాని చేపలనూ చంపుతాయి. చేపల వేలం పాడుకొన్న చెరువులో వాటి మాట ఎత్తరాదు. గోరఖ్‌పూర్ విశ్వవిద్యాలయంలో డి.కె. సింగ్, ఆర్.ఎ. అగర్వాల్, వారి శిష్యులు లిమ్నియా అక్యుమినాటాపై జెముడు జాతి పాలు, వేప, వెల్లుల్లి వంటి వృక్షపదార్థాలను దీర్ఘకాలం పరీక్షించారు. ఆ మార్గం ఆశాజనకమే, మోతాదు, చేపలపై ప్రభావం ఏ చెరువుకు ఆ చెరువులో చూచుకోవాలి. తక్షణం చేయగలిగినవి పాత పద్ధతులే: గుడ్ల ముద్దలు అంటుకొని ఉన్న నీటి కలుపును తొలి వారాలలో లాగి కట్టపై ఎండబెట్టడం, తూము కాలువలలో నాచు తీయడం, గొర్రెలను ఒడ్డు మేతకు పంపక తొట్టి నీరు త్రాగించడం, పశువైద్యుల సలహా మేరకు జలగ మందు త్రాగించడం. కోతలు అయిన కయ్యలలో నెల్లూరు జిల్లా అంతటా తిరిగే బాతుల మందలు నత్తలను బాగా ఏరి తింటాయి. వాటిని రప్పించే రైతులు గింజ కోసమే అనుకొంటారు గాని నత్తల లెక్కలో ఆ మేలు చిన్నది కాదు.

నాడీపెప్టైడ్‌నే మందుగా వాడలేమా అని విద్యార్థులు తరచుగా అడుగుతారు. మామూలు పెప్టైడ్ నత్త జీర్ణాశయంలో అరిగిపోతుంది, నీటిలో నిలువదు, కృత్రిమంగా తయారుచేయడానికి ఖర్చు ఎక్కువ. పైగా ఇ.ఎల్.హెచ్. వంటిది గుడ్లు పెట్టించే హార్మోన్, దానిని చెరువులో కలపాలనుకోవడం వినోదంగా ఉంది. కావలసినది దాని గ్రాహకాన్ని మూసివేసే, అరగని చిన్న అణువు. అటువంటి అణువులు సాధ్యమేననడానికి సూచన ప్రకృతిలోనే ఉంది. 1989లో ఆఫ్రికా రాక్షస నత్త నాడీసంధుల నుండి వేరుచేసిన అకాటిన్-1 అనే నాలుగు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌లో ఒక ఫినైల్ అలనిన్ సాధారణ ఎడమ రూపంలో కాక కుడి రూపంలో ఉంది. అటువంటి బంధాన్ని సాధారణ ఎంజైములు తేలికగా తెంచలేవు. ఈ రాక్షస నత్తను 1847లో బెన్సన్ అనే శంఖశాస్త్రజ్ఞుడు మారిషస్ నుండి కలకత్తాకు తెచ్చి వదలిన సంగతి, నేడు మన తోటలలో అది చేస్తున్న నష్టం వేరే వ్యాసానికి తగిన విషయాలు.

చివరగా మన చెరువులలోని పెద్ద గుల్ల, అంటే పైలా గ్లోబోసా గురించి. బైనీ ప్రసాద్ గారి 1932 నాటి గ్రంథం మొదలు మన కళాశాల ప్రయోగశాలలలో విచ్ఛేదించేది దీనినే. 1960 దశకం నుండి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో దీని గ్రీష్మ సుప్తావస్థపై విలువైన పరిశోధన జరిగింది. కాని పైన చెప్పిన కాడోడార్సల్ కణాల కథను పైలాకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. పైలా ఉభయలైంగిక జీవి కాదు, ఆడ మగ వేరు. గుడ్లను నీటిలో పెట్టదు. వానకాలంలో నీటి నుండి బయటకు వచ్చి, గట్టుపై తడి మన్నులో గుంతలో 200 నుండి 800 వరకు గుడ్లు పెడుతుంది. వేసవి అంతా బురదలో మూతవేసుకొని పడి ఉండి, తొలి వానకు లేచి వస్తుంది. లిమ్నియాను మేల్కొలిపేది శుభ్రమైన నీరైతే, పైలాను నీటి నుండి గట్టుకు నడిపించేది మరేదో అయి ఉండాలి. ఆ పరీక్షలో గాజు పాత్రలో నీరు మార్చితే చాలదు, పాత్రలో సగం తడి మట్టి కూడా ఉండాలి.